బెంగ చాటున బీపీ

సొంత ఊరు వదిలి వచ్చిన పెద్దాయన ఉన్నట్టుండి ఒకరోజు కుప్పకూలిపోతాడు. కుడిచెయ్యి లేవదు. మాట ముద్దముద్దగా వస్తుంది. 'ఊరి మీద బెంగ పెట్టుకున్నాడు పాపం... అదే దెబ్బ తీసింది' అంటారు చుట్టాలూ పక్కాలూ. బెంగ నిజమే. కానీ బెంగకీ పక్షవాతానికీ మధ్య ఇంకొకటి దాక్కుని ఉంటుంది. దాన్ని రెండు నిమిషాల్లో కొలవచ్చు. మాత్రలతో అదుపు చెయ్యవచ్చు. ముప్పై అయిదేళ్ళ కిందట కాశ్మీర్ లోయ విడిచి జమ్మూ శిబిరాలకి చేరిన కుటుంబాల కథలోకి వెళ్తే ఆ సంగతి బాగా తెలుస్తుంది.

* * *

శ్రీనగర్ నుంచి జమ్మూ ఎంతో దూరం కాదు. కొండల్లో మెలికలు తిరుగుతూ పోయే రోడ్డు మీద మూడువందల కిలోమీటర్ల లోపే. బనిహాల్ దగ్గర జవహర్ సొరంగం దాటితే లోయ వెనకబడిపోతుంది. అయితే ఆ కొద్ది దూరంలోనే లోకం మారిపోతుంది. శ్రీనగర్ సముద్రమట్టానికి సుమారు 1,585 మీటర్ల ఎత్తున ఉంటే, జమ్మూ మూడువందల పైచిలుకు మీటర్ల ఎత్తునే ఉంది. అక్కడ చలికాలం వస్తే నీళ్ళు గడ్డకడతాయి. ఇక్కడ ఎండాకాలంలో 40 డిగ్రీలు దాటడం మామూలే. అక్కడ మాట్లాడేది కాశ్మీరీ. ఇక్కడ డోగ్రీ.

1989 చివర్లో లోయలో మిలిటెంట్ల హింస పెరిగింది. 1990 జనవరి నుంచి కాశ్మీరీ పండిట్లు పెద్దసంఖ్యలో ఇళ్ళు విడిచి బయల్దేరారు. చాలామంది రాత్రికి రాత్రే ట్రక్కులూ బస్సులూ ఎక్కి వచ్చేశారు. పరిస్థితులు చక్కబడితే నెలా రెండునెలల్లో వెనక్కి వెళ్ళిపోవచ్చనుకున్నారు. ఇంటికి తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకుని వచ్చినవాళ్ళున్నారు. ప్రభుత్వ రికార్డుల్లోకెక్కిన వలస కుటుంబాలే అరవై వేలకు పైగా ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం జమ్మూలోనే ఆగిపోయాయి. తక్కినవాళ్ళు ఢిల్లీకీ ఇతర నగరాలకీ చేరారు. అద్దె ఇళ్ళు దొరికినవాళ్ళు సర్దుకున్నారు. దొరకనివాళ్ళకి ముట్ఠీ, పుర్ఖూ, మిశ్రీవాలా, నగ్రోటాల్లో శిబిరాలు వెలిశాయి. మొదట గుడారాలు. తర్వాత కుటుంబానికొక గది. ఆ ఒక్క గదిలోనే వంటా, చదువూ, నిద్రా, చుట్టాలూ. నగ్రోటా దగ్గర జగ్తీలో నాలుగువేలకు పైగా రెండుగదుల ఇళ్ళు కట్టి ఇచ్చేసరికి 2011 వచ్చింది.

అంటే గుడారంలో అడుగుపెట్టినప్పుడు నలభై ఏళ్ళున్న మనిషికి రెండుగదుల ఇల్లు దొరికేసరికి అరవై దాటాయి. సరిగ్గా పక్షవాతం పొంచి ఉండే వయసు!

రెండు దెబ్బలు

శిబిరాలు మొదలైన తొలి ఎండాకాలాల గురించి ఆ తరంవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. మంచుకొండల మధ్య పుట్టి పెరిగిన మనుషులకి గుడారం గుడ్డ కింద జమ్మూ ఎండ. వడదెబ్బకి ప్రాణాలు పోయాయి. పాముకాట్లకి పోయాయి. పత్రికల్లోనూ ఆ సంగతులే వచ్చాయి.

ఇంగ్లిషులో వడదెబ్బ పేరులోనూ 'స్ట్రోకే' ఉంది, పక్షవాతాన్నీ 'స్ట్రోకే' అంటారు. రెండూ ఒకటి కాదు. వడదెబ్బలో ఒంటి వేడి అదుపు తప్పుతుంది. పక్షవాతంలో మెదడుకి రక్తం అందదు. రక్తనాళంలో గడ్డ అడ్డుపడటం వల్ల వచ్చేది ఒక రకం. నాళం చిట్లి మెదడులోకి రక్తం చిమ్మడం వల్ల వచ్చేది ఇంకో రకం. మన దేశంలో మొదటి రకమే ఎక్కువ. అయితే రెండిటికీ వెనకనుండి నడిపించే పెద్ద కారణం మాత్రం ఒక్కటే... ఎక్కువ రక్తపోటు.

వడదెబ్బ కళ్ళెదుట కనిపిస్తుంది. ఎండ ముదిరినప్పుడు వస్తుంది, చల్లబడ్డాక పోతుంది. పక్షవాతం అలా కాదు. గుడారంలో మొదలైన అవస్థ లోలోపల పదేళ్ళో పదిహేనేళ్ళో నాళాలని గట్టిపరిచి, సన్నబరిచి, ఒక తెల్లవారుజామున బయటపడుతుంది. అప్పటికి గుడారాలు పోయి గోడలు వచ్చి ఉంటాయి. కాబట్టి ఆ దెబ్బకీ ఈ వలసకీ లంకె ఉందని ఎవరికీ తట్టదు. తట్టినా 'బెంగ' అన్న ఒక్క మాటతో సరిపెట్టేస్తారు.

తలుపు తట్టి లెక్క పెడితే...

ఒక ఊళ్ళో ఎంతమందికి పక్షవాతం వచ్చిందో తెలుసుకోవాలంటే ఆస్పత్రి రిజిస్టరు సరిపోదు. అందరూ ఆస్పత్రికి రారు. కొందరు ఇంట్లోనే పోతారు. కొందరు పసరుమందులకీ తైలాలకీ వెళ్తారు. అందుకే నరాల వైద్యులు ఇంటింటికీ తిరిగి తలుపులు తడతారు. 'మీ ఇంట్లో ఎవరికైనా ఉన్నట్టుండి ఒక పక్క చెయ్యీ కాలూ పడిపోయాయా? మూతి వంకరపోయిందా? మాట పోయిందా?' అని అడుగుతారు. అనుమానం ఉన్నవాళ్ళని డాక్టరు స్వయంగా పరీక్షిస్తారు. చివరికి లక్షమందిలో ఇంతమంది అని లెక్క తేలుస్తారు.

విచిత్రమేమిటంటే, కాశ్మీర్‌లో అలాంటి లెక్క ఒకటి సరిగ్గా వలసకి ముందే జరిగింది. దక్షిణ కాశ్మీర్‌లో అనంతనాగ్ వైపు కుఠార్ లోయ అని ఉంది. 1986లో వైద్యబృందం అక్కడి పల్లెల్లో 63,645 మందిని సర్వే చేసింది. మూర్ఛ, పక్షవాతం, వణుకుడు జబ్బు... ఇలా నరాలకి సంబంధించిన పెద్ద జబ్బులన్నిటినీ లెక్కగట్టింది. పక్షవాతం వచ్చి బతికి ఉన్నవాళ్ళు లక్షకి 143 మంది అని తేలింది. ఆ ఫలితాలు 1994లో అచ్చయ్యాయి. అచ్చయ్యేసరికి పండిట్ల ఇళ్ళు చాలామటుకు ఖాళీ అయిపోయాయి!

లోయలో మత భేదం లేకుండా అందరినీ కలిపి వేసిన లెక్క అది. ఆ తర్వాత జమ్మూ డాక్టర్లు వలస వచ్చినవాళ్ళ మధ్యకి వెళ్ళి నరాల జబ్బుల మీదా, ముసలితనపు మతిమరుపు మీదా అధ్యయనాలు చేశారు. శిబిరంలో ఇలాంటి సర్వేకి ఒక వీలుంది. ప్రతి గదికీ నెంబరుంటుంది. రేషన్ జాబితాలో పేర్లుంటాయి. ఎవరు ఏ ఊరినుంచి ఎప్పుడొచ్చారో రాసి ఉంటుంది. కానీ అక్కడే ఒక చిక్కు కూడా ఉంది.

అంకె చెప్పని నిజం

శిబిరంలో లక్షకి ఇంతమంది అని ఒక పెద్ద అంకె వచ్చిందనుకోండి. 'చూశారా, వలస వల్లే ఇన్ని పక్షవాతాలు' అనేయడం తేలిక. తొందరపడకూడదు.

దానికి ముంబై పార్సీలే సాక్ష్యం. 1980లలో అక్కడి పార్సీ కాలనీల్లో 14,010 మందిని ఇంటింటికీ తిరిగి పరీక్షించారు. పక్షవాతం వచ్చినవాళ్ళు లక్షకి 842 మంది తేలారు. 1970లో వెలువడిన వేలూరు ప్రాంతపు లెక్కలో అది లక్షకి 57 మాత్రమే. అంటే దాదాపు పదిహేను రెట్లు! పార్సీలూ ఒకప్పుడు ఇరాన్ నుంచి వలస వచ్చినవాళ్ళే. అలాగని వెయ్యేళ్ళ కిందటి వలసకీ ఈ అంకెకీ సంబంధం ఉందని ఎవరైనా అంటారా? అసలు కారణం వేరు. పార్సీల్లో పిల్లలు తక్కువ, వృద్ధులు ఎక్కువ. వయసుల తేడాని సరిచేసి చూస్తే 842 కాస్తా 424కి దిగిపోయింది. సగానికి సగం అంకె వయసుదేనన్నమాట.

జమ్మూ శిబిరాల్లోనూ అదే పరిస్థితి. చదువుకున్న పిల్లలు శిబిరంలో ఉండిపోలేదు. వలస విద్యార్థులకి మహారాష్ట్ర కాలేజీల్లో సీట్లు ప్రత్యేకంగా కేటాయించారు. పుణె వెళ్ళారు, బెంగళూరు వెళ్ళారు, ఢిల్లీ వెళ్ళారు. అక్కడే ఉద్యోగాలు, అక్కడే పెళ్ళిళ్ళు. శిబిరంలో మిగిలింది తల్లిదండ్రులు. కుర్రాళ్ళు వెళ్ళిపోయిన చోట వంద మందిని లెక్కపెడితే అరవై దాటినవాళ్ళే ఎక్కువ కనిపిస్తారు. పక్షవాతాలూ ఎక్కువే కనిపిస్తాయి.

ఇంకో మెలిక కూడా ఉంది. ఈ లెక్క 'వచ్చి బతికి ఉన్నవాళ్ళ'ది. పక్షవాతం వచ్చినవాళ్ళు వెంటనే చనిపోతే అంకె తగ్గుతుంది. వైద్యం అంది పదేళ్ళు బతికితే పెరుగుతుంది. కాబట్టి చిన్న అంకెని చూసి సంతోషించడానికి లేదు, పెద్ద అంకెని చూసి బెదిరిపోవడానికీ లేదు. వయసు సరిచెయ్యాలి. ఊళ్ళోనే ఉండిపోయినవాళ్ళతో పోల్చాలి. అప్పుడుగానీ వలస చేసిన పని ఎంతో, వయసు చేసిన పని ఎంతో తేలదు.

మరి వలసకి అసలు పాత్రే లేదా? ఉంది.

ఊరు మారితే ఏం మారుతుంది?

ఊరు మారడం ఒక్కటే పక్షవాతాన్ని తెచ్చిపెట్టదు. ఆమాట చెప్పింది జపనీయులు. 1960లలో మొదలైన ఒక పెద్ద అధ్యయనంలో జపాన్‌లో ఉన్న జపనీయులనీ, హవాయి దీవులకి వలస వెళ్ళినవాళ్ళనీ, కాలిఫోర్నియా చేరినవాళ్ళనీ పోల్చి చూశారు. వలస వెళ్ళినవాళ్ళకి గుండెజబ్బులు పెరిగాయి. పక్షవాతం మాత్రం స్వదేశంలో ఉన్నవాళ్ళలోనే ఎక్కువ! ఒకే జాతి, ఒకే రక్తం. తిండి మారింది, జీవితం మారింది, జబ్బూ మారింది. ఉప్పులో ఊరేసిన కూరగాయలూ, ఉప్పుచేపలూ, ఉప్పటి పులుసులూ నిండిన ఆనాటి జపాన్ భోజనాన్ని వదిలి వెళ్ళడం వాళ్ళకి ఒక రకంగా మేలే చేసింది.

కెన్యాలో దీనికి తిరగబడ్డ కథ నడిచింది. లువో తెగవాళ్ళు పల్లెల నుంచి నైరోబీ నగరానికి పనుల కోసం వెళ్తుంటారు. అలా వెళ్ళినవాళ్ళ రక్తపోటుని పరిశోధకులు వెంటబడి కొలిచారు. 1990లో ఫలితాలు వెలువడ్డాయి. నగరంలో దిగిన కొద్దికాలానికే బీపీ పెరిగింది. పల్లెలో ఉండిపోయినవాళ్ళకి పెరగలేదు. మూత్రపరీక్ష చేస్తే నగరానికి వెళ్ళినవాళ్ళు ఉప్పు ఎక్కువ తింటున్నారని తెలిసింది. బరువూ పెరిగింది. నాడి వేగమూ పెరిగింది.

వీళ్ళంతా పని కోసమో, డబ్బు కోసమో కోరి వెళ్ళినవాళ్ళు. కోరకుండా వెళ్ళినవాళ్ళ మాటేమిటి? 2011లో జపాన్‌లో భూకంపం, సునామీ, ఫుకుషిమా అణువిద్యుత్ కేంద్రం ప్రమాదం ఒకదానివెంట ఒకటి వచ్చాయి. చుట్టుపక్కల ఊళ్ళని ఖాళీ చేయించారు. ఆ తర్వాత ఏటేటా జరిగిన ఆరోగ్యపరీక్షల్లో ఇళ్ళు వదిలినవాళ్ళకి, వదలనివాళ్ళకంటే బరువు పెరిగినట్టూ, బీపీ, షుగర్ ఎక్కువైనట్టూ కనబడింది. ఇలా ఇల్లు వదలడం బీపీ మీద పడుతుందనడానికి మంచి ఆధారం దొరికింది.

ఒక్క గదిలో ఎన్ని దారులు!

ఇప్పుడు మళ్ళీ జమ్మూకి వద్దాం. ఒక్క గదిలో బతుకు గడిపిన మనిషి బీపీ పెరగడానికి ఎన్ని దారులున్నాయో చూడండి.

మొదటిది, నడక పోయింది. లోయలో వాళ్ళకి పొలాలున్నాయి, తోటలున్నాయి. ఇంటివెనక కూరగాయల మడి ఉండేది. చాలామంది ప్రభుత్వ ఉద్యోగులు... బడిపంతుళ్ళు, గుమాస్తాలు. వాళ్ళకి జమ్మూలో సెలవు జీతం ఇచ్చారు. జీతం వస్తుంది, పని లేదు. ఇంటిముందు కుర్చీ వేసుకుని కూర్చోవడమే. పని చేసిన ఒంటికి ఒక్కసారిగా పని లేకపోతే బరువు పెరుగుతుంది. బరువుతోపాటే బీపీ.

రెండోది నిద్ర. ఒకే గదిలో ఆరుగురు. ఉక్కపోత. కరెంటు కోత. దానికి తోడు వచ్చిన దారిలో చూసినవీ, విన్నవీ కళ్ళు మూసుకుంటే కదలాడతాయి. నిద్రలేమి, భయం, దిగులు ఎక్కువకాలం సాగితే ఒంట్లో ఒత్తిడి హార్మోన్లు తగ్గకుండా నిలిచిపోతాయి. గుండె వేగం పెరుగుతుంది. నాళాలు బిగుసుకుంటాయి. మనం 'బెంగ' అంటున్నది ఒంట్లోకి దిగే దారి ఇదే.

మూడోది తిండి. కాశ్మీరీలు తాగే 'నూన్ చాయ్'లో నూన్ అంటేనే ఉప్పు. ఆకుపచ్చ తేయాకుని వంటసోడా వేసి సేపు మరిగించి, పాలూ ఉప్పూ కలుపుతారు. గులాబీరంగులోకి తిరుగుతుంది. ఉప్పులోనూ సోడియమే, వంటసోడాలోనూ సోడియమే. మంచులో పొద్దంతా పనిచేసినవాడు తాగే చాయ్ వేరు, కుర్చీలో కూర్చున్నవాడు తాగే చాయ్ వేరు. అలాగని మాన్పించడం అంత తేలిక కాదు. ఇల్లూ వాకిలీ పోయినవాడికి తన ఊరిని గుర్తుచేసేది ఆ కప్పు ఒక్కటే కావచ్చు. ఉప్పు కాస్త తగ్గించుకోమని చెప్పవచ్చుగానీ, తాగొద్దని ఏ నోటితో చెబుతాం?

నాలుగోది పొగ. ఊరికే కూర్చున్నచోట, నలుగురూ గుమిగూడి 'వెనక్కి ఎప్పుడెళ్తాం' అని మాట్లాడుకునేచోట సిగరెట్లు చేతులు మారుతూనే ఉంటాయి.

అయిదోది అన్నిటికన్నా చిన్నదిగా కనబడుతుంది. అదే ప్రమాదకరం... మందుచీటీ. అర్ధరాత్రి ఇల్లు వదిలేవాడు పిల్లల సర్టిఫికెట్లూ, నగలూ, దేవుడి పటమూ తీసుకుంటాడు. బీపీ మాత్రల చీటీ గుర్తుండదు. కొత్త ఊళ్ళో డాక్టరు ఎవరో తెలియదు. తలనొప్పి లేదు, కళ్ళు తిరగడం లేదు, మరి మాత్ర ఎందుకు? ఆపేస్తాడు. బీపీ నొప్పి పెట్టదు. చెప్పదు. పెరుగుతుంది.

ప్రపంచవ్యాప్తంగా 32 దేశాల్లో జరిగిన ఒక పెద్ద పరిశోధన 2016లో ఓ మాట తేల్చింది. పక్షవాతాల్లో సుమారు 90 శాతానికి పది కారణాలే మూలం. ఆ పదీ మనం మార్చుకోగలిగినవే. వాటిలో మొదటి స్థానం బీపీది. తర్వాత కదలని ఒళ్ళు, కొవ్వు, తిండి, నడుం చుట్టుకొలత, మానసిక ఒత్తిడి, పొగ, గుండెజబ్బులు, మద్యం, షుగర్. శిబిరపు గదిలో మనం చూసిన దారుల్లో చాలాభాగం ఈ జాబితాలోవే.

రెండుగదుల్లో మంచం

పక్షవాతం ఒకరికే వచ్చినా మంచం పట్టేది కుటుంబమంతా. శిబిరంలో అయితే ఇంకా ఎక్కువ. తొలినాళ్ళలో మరుగుదొడ్లు నలుగురికీ ఉమ్మడి. గదికి దూరం. కాలు ఈడ్చుకుంటూ నడిచే మనిషి రోజుకి నాలుగుసార్లు అక్కడికి వెళ్ళి రావాలంటే ఎంత నరకమో ఊహించుకోండి. వెళ్ళలేక నీళ్ళు తాగడం తగ్గిస్తారు. దాంతో మూత్రంలో ఇన్‌ఫెక్షన్లు. ఒక మంచం వేస్తే మిగతావాళ్ళకి పడుకునే చోటు ఉండదు. చూసుకునేది భార్యే. ఆమెకీ అరవై దాటి ఉంటాయి. ఆమెకీ బీపీ ఉండే ఉంటుంది, ఎవరూ కొలిచి ఉండరు.

మాట పోయినవాళ్ళ బాధ మరీ వేరు. బాగా చదువుకుని ఉర్దూ, హిందీ, ఇంగ్లిషు నేర్చినవాళ్ళు కూడా పక్షవాతం తర్వాత తల్లిభాషలో రెండు ముక్కలు కూడదీసుకోవడం కష్టమవుతుంది. మాట నేర్పించే వైద్యం ఉంది. అది రోగి భాషలో జరగాలి. చుట్టూ తన భాష మాట్లాడేవాళ్ళు తగ్గిపోతున్న చోట కాశ్మీరీలో మాట నేర్పించేవాళ్ళు ఎందరు దొరుకుతారు? ఇక్కడ ఇంట్లోవాళ్ళే దిక్కు. రోజూ కూర్చోబెట్టి పాత ఊరి పేర్లూ, పండ్ల పేర్లూ, మనవల పేర్లూ పలికిస్తుంటే మెదడు కొత్త దారులు వెతుక్కుంటుంది. మొదటి కొద్ది నెలల్లో ఆ శ్రమకి ఫలితం ఎక్కువ.

వెనక్కి పంపలేకపోయినా...

పోయిన ఊరిని డాక్టరు తెచ్చి ఇవ్వలేడు. అది ప్రభుత్వాలు చెయ్యాల్సిన పని. అది ఎప్పటికవుతుందోనని ఎదురుచూస్తూ ఒక తరం ముసలిదైపోయింది. కానీ ఊరు వచ్చేదాకా ఆగనక్కర్లేని పని ఒకటుంది.

పై బీపీ అంకెని 10 పాయింట్లు తగ్గించగలిగితే పక్షవాతం ముప్పు నాలుగో వంతుకి పైగా తగ్గుతుందని లక్షలమంది మీద జరిగిన పరీక్షలని గుదిగుచ్చి 2016లో లెక్కగట్టారు. ఆ 10 పాయింట్లు తగ్గించడానికి ఖరీదైన మందులు అక్కర్లేదు. ఎన్నో ఏళ్ళుగా వాడుకలో ఉన్న చవక మాత్రలు చాలు. కావాల్సింది రెండే. ఒకటి, కొలవడం. రెండు, మానకుండా వాడటం.

శిబిరంలో రేషన్ కోసం అందరూ ఒకచోటికి వస్తారు. సాయం డబ్బు కోసం పేర్లు నమోదు చేసుకుంటారు. అక్కడే ఒక బల్ల, ఒక బీపీ మిషను, కాస్త శిక్షణ ఉన్న ఒక అమ్మాయి ఉంటే చాలు. నలభై దాటిన ప్రతివాళ్ళ అంకే కార్డు మీద రాయవచ్చు. నెలకొకసారి మాత్రలు చేతికివ్వవచ్చు. పక్షవాతం వచ్చాక ఒక మనిషికయ్యే ఖర్చుతో, రాకముందు ఎందరికి మాత్రలు ఇవ్వవచ్చో ఆలోచించండి. కొంపా గోడూ పోయినవాళ్ళకి గుడారం, బియ్యం, దుప్పటి ఇచ్చేటప్పుడు బీపీ మాత్రనీ ఆ జాబితాలో చేర్చడం అన్నదే ఇక్కడ అసలు విషయం. మొదటివారంలోనే చేర్చాలి. పదేళ్ళ తర్వాత కాదు.

ఈ సంగతి కాశ్మీర్ దగ్గరే ఆగిపోదు. మన ఇళ్ళలోనూ నాన్న పోయాక అమ్మని పల్లెనుంచి తీసుకొచ్చి నాలుగో అంతస్తు ఫ్లాటులో పెడుతున్నాం. ప్రాజెక్టు కింద ఊరు మునిగితే పునరావాస కాలనీకి మూటలు సర్దుకుని వెళ్తున్నారు. కారణాలు వేరు, కష్టాల బరువు వేరు. కాశ్మీరీల కష్టంతో వాటిని పోల్చలేం. కానీ నడక తగ్గడం, నిద్ర చెడటం, తెలిసిన డాక్టరు దూరం కావడం, మాత్రల చీటీ పోవడం అక్కడా ఇక్కడా ఒకటే. 'అమ్మకి ఇక్కడ ఏమీ తోచట్లేదు, ఊరి మీద బెంగ' అని ఫోనులో చెప్పుకుంటాం. బెంగ అన్నమాట నోట్లోంచి వచ్చిన రోజే ఆమెకి బీపీ చూపించాలి. 140కి 90 దాటితే మరోరోజు మళ్ళీ చూపించాలి. ఎక్కువే ఉంటే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. మందు మొదలుపెడితే 'బాగానే ఉంది కదా' అని మాన్పించకూడదు. ఆమెతో కూర్చుని ఊరి కబుర్లు చెప్పుకోవాలి, అదీ మందే. కానీ దానికి బదులు ఇది కాదు, దీనికి బదులు అది కాదు.

ఇల్లు మారేరోజున సామాను జాబితా రాసుకుంటాం కదా. పెద్దవాళ్ళున్న ఇంట్లో ఆ జాబితాలో మొదటి వరసన రాయాల్సింది మందుల డబ్బా, చీటీ, కిందటిసారి చూపించిన బీపీ అంకె. లారీలో కాదు, చేతిసంచిలో పెట్టుకోవాలి.

* * *

పక్షవాతం అని అనుమానం వస్తే...

* నవ్వమనండి. మూతి ఒక పక్కకి లాగేస్తోందా?

* రెండు చేతులూ చాపి ఎత్తమనండి. ఒక చెయ్యి కిందికి వాలిపోతోందా?

* ఒక చిన్న వాక్యం చెప్పమనండి. మాట తడబడుతోందా? మనం చెప్పింది అర్థం కావట్లేదా?

* ఉన్నట్టుండి తూలిపోవడం, చూపు మసకబారడం, ఎన్నడూ ఎరగనంత తలనొప్పి కూడా లక్షణాలే.

* వీటిలో ఒక్కటి కనిపించినా గడియారం చూడండి. చివరిసారి ఎన్నింటికి మామూలుగా ఉన్నారో గుర్తుపెట్టుకోండి. డాక్టరు అడిగే తొలి ప్రశ్నల్లో అదొకటి.

* వెంటనే 108కి ఫోన్ చెయ్యండి. సీటీ స్కాన్ ఉన్న ఆస్పత్రికే తీసుకెళ్ళండి. గడ్డ కరిగించే ఇంజెక్షన్ లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. ఎంత ముందిస్తే అంత మేలు. నాళం మూసుకుపోతే నిమిషానికి సుమారు 19 లక్షల మెదడు కణాలు చనిపోతాయి.

* స్కాన్ తియ్యకుండా ఆస్పిరిన్ మింగించకండి. వచ్చింది రక్తస్రావమైతే ముప్పు పెరుగుతుంది. నోట్లో నీళ్ళు, కాఫీ పొయ్యకండి. ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

* పావురం రక్తం, పసర్లు, తైలాలు అంటూ గంటలు పోగొట్టుకోకండి.

* అయిదు పది నిమిషాల్లో చెయ్యీ మాటా తిరిగి వచ్చేసినా ఊరుకోకండి. అది పెద్దదెబ్బకి ముందు వచ్చే హెచ్చరిక కావచ్చు. ఆరోజే డాక్టరుకి చూపించాలి.